పది చిప్‌ల ఎల్‌ఈడీ కిట్: మొక్కల అక్వేరియానికి ఎంతవరకు పనికొస్తుంది?

సొంతంగా అక్వేరియం లైటు కట్టుకునేవాళ్ల కోసం అమ్మే కిట్‌లలో పేరేదైనా సరుకు దాదాపు ఒకటే. 20 మిల్లీమీటర్ల అల్యూమినియం స్టార్ ప్లేట్ల మీద అతికించిన ‘3 వాట్ల’ చిప్‌లు పది, వాటికి నిలకడగా కరెంటు అందించే 600 మిల్లీ ఆంపియర్ల డ్రైవర్, చిప్ వేడిని లోహానికి చేరవేసే థర్మల్ పేస్ట్ కాస్త, ఆ వేడిని గాలిలోకి వదిలే వేలెడంత హీట్ సింక్. చిప్‌లకు వంక పెట్టాల్సింది పెద్దగా లేదు. డ్రైవర్‌ని మాత్రం చూసి కొనాలి. ఆ హీట్ సింక్‌ని పక్కన పడేయాలి.

పెట్టె మీద 30 వాట్లని ఉంటుంది. తెల్ల చిప్‌ 600 మిల్లీ ఆంపియర్ల దగ్గర 3.2 వోల్టులు తీసుకుంటుంది. అంటే ఒక్కోటి తాగేది 1.9 వాట్లే, పదీ కలిపినా 19 చిల్లర. చిప్‌ని దాని పరిమితికి దిగువన నడపడం మంచిదే, ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ మొక్కల లెక్క 30 మీద వేస్తే దెబ్బతింటారు. వాటుకు 90–100 ల్యూమెన్లు (వెలుగు కొలత) ఇచ్చే చిప్‌లైతే, 60×30×36 సెంటీమీటర్ల తొట్టిలో లీటరుకు పాతిక ల్యూమెన్ల దాకా పడుతుంది. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్, వాలిస్నేరియాలకు అది చాలు. అడుగున తివాచీలా పరుచుకునే మాంటే కార్లో లాంటివి కావాలంటే రెండు కిట్‌లు, వాటితోపాటు కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ తప్పవు.

సగం నీలం చిప్‌లు పెట్టిన కిట్ పగడాల తొట్టికి ఉద్దేశించినది, మొక్కల కోసం దాన్ని కొనకండి. 6500 కెల్విన్ (పగటి వెలుగు లాంటి) తెలుపు ఆరు, 3000 కెల్విన్ (పసుపు ఛాయ ఉన్న) తెలుపు రెండు, 660 నానోమీటర్ల ఎరుపు రెండు మంచి కలయిక. ఎరుపుల్ని చివర పెడితే ఇసుక మీద ఎర్రమచ్చ పడుతుంది, తెల్లవాటి మధ్య ఇరికించాలి. సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉన్న తెలుపు దొరికితే అదే తీసుకోండి.

ఇక వేడి. తీసుకున్న కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది, అదంతా చిప్ వెనక నుంచే పోవాలి. కిట్‌లోని హీట్ సింక్ బదులు 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం యూ-ఛానెల్ ఈ పదింటికి సరిపోతుంది, ఫ్యాన్ అక్కర్లేదు. గంటసేపు వెలిగాక కరెంటు తీసి తాకితే, చెయ్యి ఆనించి ఉంచగలిగేంత వేడే ఉండాలి. థర్మల్ పేస్ట్ పల్చటి పొరగా రాయాలి. మందంగా రాస్తే వేడిని అదే ఆపేస్తుంది. స్క్రూల కింద నైలాన్ వాషర్లు వేయకపోతే స్క్రూ తల సోల్డర్ ప్యాడ్‌కి తగిలి షార్ట్ అవుతుంది. వెలగని లైట్లలో చాలావాటి జబ్బు ఇదే.

ప్లేట్లకు వైర్లు ఛానెల్‌కి బిగించకముందే అతికించండి. బిగించాక అల్యూమినియం వేడినంతా లాగేసుకుంటుంది, చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో సీసం కరగదు. 60 వాట్ల ఐరన్ ఉంటే హాయి. ప్లస్ నుంచి మైనస్‌కి పదీ ఒకే వరుసలో సిరీస్‌గా కలపాలి. ప్యారలల్‌గా పెడితే కరెంటు సమానంగా పంచుకోదు. ఒక వరుస పోగానే దాని వాటా కూడా మిగతావాటి మీద పడుతుంది.

పైన చెప్పిన కలయికకు మొత్తం 30 వోల్టుల చుట్టూ అవుతుంది. డ్రైవర్ మీద 20–38 వోల్టులని ఉంటే చక్కగా సరిపోతుంది. అదే డ్రైవర్‌కి ఐదు చిప్‌లే కలిపితే 16 వోల్టులు దాటదు, లైటు మినుకు మినుకుమంటుంది. తప్పు చిప్‌లదనుకుని మార్చేవాళ్లే ఎక్కువ! ఇంకోటి: ప్లగ్ పెట్టి ఉండగా చిప్‌ల వైరు కలపకండి. లోడు లేనప్పుడు డ్రైవర్‌లోని కెపాసిటర్ గరిష్ఠ వోల్టేజి దాకా నిండుతుంది, వైరు తగలగానే అదంతా ఒక్కసారిగా చిప్‌ల మీద పడి మాడ్చేస్తుంది.

డబ్బా లేని బోర్డుగా వచ్చే చవక డ్రైవర్లలో కొన్ని ఐసోలేటెడ్ కావు. వాటిలో చిప్‌ల వైపు కూడా మెయిన్స్‌తో తెగకుండా కలిసే ఉంటుంది. నీళ్ల పైన వేలాడే లోహపు ఛానెల్‌కి అలాంటిది తగిలించడం ప్రాణాలతో చెలగాటం. ఐసోలేటెడ్ అని రాసి ఉన్న, సీల్ చేసిన ఐపీ67 (దుమ్ము, నీళ్లు చొరబడని రకం) డ్రైవరే వాడండి. ఛానెల్‌కి ఎర్త్ ఇవ్వండి, లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండేలా చూడండి. డ్రైవర్‌ని తొట్టి పక్కన గోడకు బిగించి, వైరు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కడితే కారిన నీళ్లు ప్లగ్‌లోకి పోవు. చిప్‌ల కింద 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు చాలు. వారానికోసారి దాని మీద నీటి చుక్కలు ఎండి మిగిల్చే లవణాల పొర తుడవకపోతే వెలుగు తగ్గుతుంది.

లెన్సులు అనవసరం. 36 సెంటీమీటర్ల లోతుకి చిప్ సహజంగా ఇచ్చే 120 డిగ్రీల వెలుగే మంచిది, లెన్సు పెడితే అడుగున చారలు కనిపిస్తాయి. మొదటి రెండు వారాలు రోజుకు 6 గంటలకు టైమర్ పెట్టి, ఆకుల మీద పాచి రాకపోతే 8 దాకా పెంచండి. పాచి వస్తే ముందు గంటలు తగ్గించండి. అయినా ఆగకపోతే ఛానెల్‌ని నీటికి మరో పది సెంటీమీటర్లు పైకి ఎత్తండి.