“నీకు ఊదేకి రాదు” అన్నాడు: సెకండ్ హ్యాండ్ సాక్సోఫోన్ కొనేవాళ్లకు జాగ్రత్త

“నీకు ఊదేకి రాదప్పా. వాయిద్యం మీద ఎందుకేస్తావు తప్పు?”

మొన్న సాయంత్రం షాపులో పదిమంది ముందు షాపాయన నన్ను అన్న మాట ఇది. ఇంకా చెవిలోనే ఉంది. నిన్న రాత్రి అసలు సంగతి బయటపడింది. ఇవాళ పొద్దున ఫోన్ చేస్తే ఆయన మాట్లాడిన తీరు విన్నాక, ఇక ఊరుకోకూడదనిపించి రాస్తున్నాను.

షాపు పేరు రాయడం లేదు. కర్నూలు, ఆదోని, నంద్యాల బ్యాండు సెట్లలో, పెళ్లి మేళాల్లో ఉన్నవాళ్లకు ఎవరి గురించి చెప్తున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. సెకండ్ హ్యాండ్ సాక్సోఫోన్ కావాలంటే అందరూ ఆయన దగ్గరికే పంపిస్తారు. నన్నూ అలాగే పంపించారు.

నేను డిగ్రీ చదువుతున్నాను. ఏడాదిన్నరగా మా సార్ దగ్గర నేర్చుకుంటున్నాను. సార్ పెళ్లిళ్లలో డోలు మేళంతో వాయిస్తారు. ఇన్నాళ్లూ సార్ ఆల్టో సాక్సోఫోన్ మీదే నా సాధన, అదీ వాళ్లింట్లో, వారానికి మూడు రోజులు. సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలు ఫోన్‌లో వినీ వినీ, సొంత వాయిద్యం ఉంటే రోజూ ఇంట్లో కూర్చుని సాధన చేయొచ్చు కదా అని ఒకటే ఆశ. కొత్త యమహా స్టూడెంట్ మోడల్ ధర ఇంట్లో చెప్పే ధైర్యం కూడా చేయలేదు. అమ్మ చీటీ పాడి 20 వేలు ఇచ్చింది. ట్యూషన్లు చెప్పి నేను దాచుకున్నవి 12 వేలు. సార్ ఒకటే చెప్పారు: “ముహూర్తాలు అయిపోనీ, నేనొచ్చి చూస్తా.” పది రోజులు ఆగితే సరిపోయేది. ఆగలేదు. ఆ తప్పు నాదే, ఇంకెవరి మీదా వేయను.

షాపులో ఆయన నాలుగు చూపించి, ఒకటి చేతిలో పెట్టి, “ఓవర్‌హాల్ చేసినా, ప్యాడ్లు కొత్తవి” అన్నాడు. ప్యాడ్లంటే, కీలు అనే మీటలు నొక్కితే గొట్టం మీది రంధ్రాలను మూసే తోలు బిళ్లలు. పాలిష్ మెరిసిపోతోంది. ఆయనే వాయించి చూపించాడు. సొరుగులోంచి తన మౌత్‌పీసు (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) తీసి నెక్‌కు, అంటే పైనుండే వంపు గొట్టానికి, పెట్టుకుని ఒక పెళ్లి పాట అందుకున్నాడు. ఎంత బాగా వాయించాడంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇది నాదవుతుంది కదా అనుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే ఒక్కొక్కటీ అర్థమవుతోంది. ఆ పాటంతా మధ్య ‘జి’ నుంచి పైకే తిరిగాడు. అట్టడుగు స్వరాలైన లో సి, లో బి, బి ఫ్లాట్ వైపు ఒక్కసారి కూడా దిగలేదు. నాకు ఊదమని ఇచ్చిన మౌత్‌పీసు వేరే. నేను లో సి పట్టుకుంటే గరగరమని పైస్థాయికి ఎగిరిపోయింది. “కొత్త రీడు, నీ పెదవి ఇంకా కుదరలే. వారం ఊదితే అదే వస్తాది” అన్నాడు. రీడంటే మౌత్‌పీసుకు బిగించే సన్నటి రెల్లు ముక్క, ఊదితే అదే కంపించి స్వరం పలుకుతుంది. నమ్మాను. 20 వేలు క్యాష్, 12 వేలు ఫోన్‌పే.

నేర్చుకునేవాళ్లం కదా, స్వరం రాకపోతే ముందు మన మీదే మనకు అనుమానం వస్తుంది. పెదవి సరిగా లేదేమో, గాలి చాలలేదేమో అనుకుంటాం. అమ్మేవాడికి కావాల్సింది అదే. వాయిద్యంలో లోపమా, మనలో లోపమా అని తేల్చుకునే శక్తి మనకు ఇంకా రాలేదని ఆయనకు బాగా తెలుసు.

తొమ్మిది రోజులు రోజూ రెండు గంటలు ఆ లో సి మీదే కూర్చున్నాను. 2 నంబరు రీడు తీసి కాస్త గట్టిదైన 2.5 వేశాను. పది రీడ్ల పెట్టె ఇంకోటి కొన్నాను. కింది పెదవి లోపల పంటి గాటు పడి అన్నం తింటుంటే మంట. కీలు బిగించి నొక్కితే అప్పుడప్పుడు స్వరం పలికేది. అందుకని బిగించి నొక్కడం మొదలుపెట్టాను. వేళ్లు తేలిగ్గా ఉండాలని సార్ నెలల తరబడి మాన్పించిన అలవాటు అది. “సార్ వాళ్లింట్లో బాగానే వాయించేవాడివి కదా నాయనా” అంది అమ్మ ఒకరోజు. నిజమే. సార్ ఆల్టో మీద పలికే స్వరం దీని మీద ఎందుకు పలకడం లేదని అప్పుడైనా ఆలోచించాల్సింది. నాకు తట్టలేదు.

మొన్న పెట్టె తీసుకుని షాపుకు పోయాను. అక్కడ ఒక బ్యాండు సెట్టు వాళ్లు ట్రంపెట్లు చూసుకుంటున్నారు. “అన్నా, కింది స్వరాలు రావడం లేదు, ఒకసారి చూడన్నా” అన్నాను. “ఏదీ, ఊదు” అన్నాడు. అందరూ చూస్తున్నారు. టెన్షన్‌లో పైస్వరాలు కూడా సరిగా రాలేదు. అప్పుడే ఆ మాట అన్నాడు. అని ఊరుకోలేదు. నా చేతిలోంచి తీసుకుని, మళ్లీ తన మౌత్‌పీసు పెట్టి, మళ్లీ అదే పాట వాయించాడు. “విన్నారా? వాయిద్యం బంగారమట్ల ఉంది. మనిషికే ప్యాడ్లు మార్చాల” అన్నాడు. అందరూ నవ్వారు. క్లారినెట్ వాయించే పెద్దాయన ఒక్కరే నవ్వలేదు. నా సాక్సోఫోన్ వైపు కాసేపు చూసి తల దించుకున్నారు. ఆయనకు తెలుసనుకుంటాను. ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

ఆటో ఎక్కబుద్ధి కాలేదు. పెట్టె మోసుకుంటూ కొండారెడ్డి బురుజు దాటి ఇంటిదాకా నడిచాను. ఇక సాక్సోఫోన్ మానేద్దామని ఆ రాత్రి నిజంగా అనుకున్నాను. 32 వేలు పోయిన బాధ కంటే ఇదే నన్ను ఎక్కువ కాలుస్తోంది. తన సరుకులో లోపం దాచుకోవడానికి ఒక నేర్చుకునేవాడి చేత, ‘నాకు చేతకాదు’ అనిపించాడు.

నిన్న రాత్రి సార్ ఊరి నుంచి వచ్చారు. ముందు నన్ను ఊదమనలేదు, తనే ఊదారు. లో సి రాలేదు. మళ్లీ ఊదారు. రాలేదు. “నాకే రావడం లేదురా, నీకెట్లా వస్తుంది” అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చేసింది.

పండక్కి గుమ్మానికి కట్టే సన్న ఎల్‌ఈడీ దండ తెమ్మన్నారు. నెక్ తీసేసి దాన్ని గొట్టంలోకి దించి, గదిలో లైటు ఆర్పి, కీలు ఒక్కొక్కటే మెల్లగా మూశారు. మూసుకున్న ప్యాడు చుట్టూ వెలుగు కనిపించకూడదు. కానీ జి షార్ప్ అంచున సన్నటి గీత, ఎఫ్ దగ్గర ఇంకోటి, లో సి ప్యాడు ఒక పక్కంతా వెలుగే. సాక్సోఫోన్ చూడటానికి ఇత్తడే గానీ ప్రాణం ఆ 20కి పైగా ఉన్న తోలు ప్యాడ్లలో ఉంటుంది. పైన ఒక్క ప్యాడు దగ్గర గాలి పోయినా దాని కింది స్వరాలు తడబడతాయి. అట్టడుగు స్వరాలకైతే దాదాపు అన్నీ బిగుతుగా మూసుకోవాలి. కొత్తవన్న ప్యాడ్లలో కొత్తవి మూడే, అవీ కంటికి ఎదురుగా ఉండేవి. మిగతావి గట్టిపడి పగిలిన తోలు. నెక్ అడుగున ముడతలు కూడా ఉన్నాయి. ఎప్పుడో వంగితే సరిగా తీయకుండా పైన పాలిష్ కొట్టేశారు. హైదరాబాద్‌లో సార్‌కు తెలిసిన రిపేరీ ఆయన అంతా సరిచేయడానికి 15 వేలు అవుతుందన్నారు.

పొద్దున ఫోన్ చేశాను. “పాత సామాను వాపసు లేదు, చీటీ మీద రాసినా చూస్కో. మీ సార్‌నే కొనుక్కోమను” అని పెట్టేశాడు. ఆ చీటీ మీద షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. ఆ రోజు చూసుకోకుండా జేబులో పెట్టుకున్నాను.

కొనబోయేవాళ్లకు రెండు మాటలు. బాగా వాయించేవాళ్లు ఎవరైనా వెంట లేకుండా పోకండి. మీకు అలవాటైన మౌత్‌పీసు, రీడు మీరే తీసుకుపోండి. పాట వద్దు, కింది బి ఫ్లాట్ నుంచి ఒక్కో స్వరం పైకి మెల్లగా, వేళ్లు బిగించకుండా ఊదించండి. ఎల్‌ఈడీ దండ వంద రూపాయలకే దొరుకుతుంది, అది లోపలికి దించనివ్వకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పక్కా బిల్లు లేకుండా క్యాష్ ఇవ్వకండి.

నా చేతిలో ఉన్న ఆధారం ఫోన్‌పే 12 వేలే. రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తున్నాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఈయన దగ్గర ఇలాగే మోసపోయినవాళ్లు, ముఖ్యంగా పక్కా బిల్లు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కలిసి వెళ్దాం, సార్ కూడా వస్తానన్నారు.