తుపాకీ మందు దాచే చెక్క పెట్టె: చెక్క పనికి మార్కులు పడతాయి, స్క్రూలకు పడవు

విజయవాడ వన్‌టౌన్‌లో ఓ వడ్రంగి షాపువాళ్లు ఆర్డరు మీద చేసిచ్చే పెట్టె ఇది. గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకీకి లైసెన్సు ఉండి, అందులో రాసిన మేరకే మందు ఉంచుకునేవాళ్లకు మాత్రమే పనికొస్తుంది.

అసలు చెక్కే ఎందుకంటారా? షాపులో అడిగితే ముందు ఇనప పెట్టె చూపిస్తారు, గట్టిదంటారు. ఆ గట్టిదనమే ముప్పు. కాస్త మందు ఆరుబయట అంటుకుంటే భగ్గుమని మండిపోతుంది. అదే బిగించిన లోహపు పెట్టెలో అయితే గ్యాసు పోయే దారిలేక పెట్టే బాంబవుతుంది. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ పెట్టిన 495 ప్రమాణం ఇళ్లలో ఉంచే మందుకు అది అమ్మకానికొచ్చిన అసలు డబ్బాలూ, కనీసం 1 అంగుళం చెక్క గోడలున్న పెట్టే ఉండాలంటోంది. మంట తగిలినా చెక్క వేడిని వెంటనే లోపలికి పోనివ్వదు, లోపల ఒత్తిడి పెరిగితే విడిపోతుంది. అందుకే మూతకు రబ్బరు వాషరు వెయ్యమని అడగొద్దు, వాళ్లు వేస్తామన్నా వద్దనండి.

ఇక పనితనం. అంగుళం మందం టేకు పలకలు, మూలల్లో పళ్లలా కోసి ఒకదాంట్లో ఒకటి దిగేసి ఫెవికాల్‌తో బిగించారు. మేకు ఒక్కటి లేదు. లోపల సన్‌మైకా అంటించకుండా చెక్కను నున్నగా చిత్రిక పట్టి వదిలేశారు, రాలిన మందు గింజ తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. లోపం బందుల దగ్గరుంది. ఇత్తడివని చెప్పిన బందులకు, స్క్రూలకు అయస్కాంతం పెడితే టక్కున పట్టుకుంటుంది. అంటే ఇనుముకు ఇత్తడి పూత. ఇసుక రేణువు నలిగినా, పనిముట్టు తగిలినా ఇనుము నిప్పురవ్వ రాలుస్తుంది. పెట్టె తీసుకునేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి, అంటుకున్నవన్నీ అక్కడే మార్పించండి. కర్ర సరిగ్గా ఆరిందో లేదో కూడా అడగాలి. పచ్చి టేకైతే వానాకాలంలో మూత బిగుసుకుపోతుంది, దాన్ని సుత్తితో కొట్టి తెరిచే పరిస్థితి రాకూడదు.

తేమను ఆపే పని పెట్టెది కాదు, లోపలి డబ్బాది. డీలరు ఇచ్చిన డబ్బాలోంచి మందును గాజు సీసాలోకో వంటింటి ప్లాస్టిక్ డబ్బాలోకో మార్చొద్దు. పెట్టెలో ఒక మూల 50 గ్రాముల సిలికా జెల్ సంచీ, దాని పక్కన తేమ చూపించే కాగితం కార్డు చాలు. బ్యాటరీతో నడిచే మీటరు లోపల వద్దు. కార్డు రంగు మారితే సంచీని వేరే గదిలో వేడిచేసి, చల్లారాక తిరిగి పెట్టండి. తేమ పట్టి గడ్డకట్టిన మందును ఎండబెట్టి వాడదామనుకుంటే కుదరదు. మందులో ఉండే సురేకారం నీటిలో కరిగి గింజ పైకొచ్చి తెల్లగా పేరుకుంటుంది, పాళ్లు తప్పుతాయి. గడ్డల్ని నలపడం అంతకన్నా ప్రమాదం.

ఎక్కడ పెట్టాలన్నది మన ఊళ్లో చిక్కు ప్రశ్న. నేలమీద పెడదామంటే 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచిన సంగతి గుర్తుంది. అటక మీదైతే మే నెలలో స్లాబు సెగ. నడుం ఎత్తు స్టాండు మీద, తాళం పడే గదిలో, ఎండ తగలని గోడ వైపు ఉంచాలి. ఇన్వర్టరు బ్యాటరీ, ఫ్రిజ్, దీపం, దోమల చుట్ట ఉన్న గది పనికిరాదు.

పెర్కషన్ క్యాపుల్ని, అంటే తుపాకీలో మందును అంటించే చిన్న లోహపు టోపీల్ని, ఈ పెట్టెలో పెట్టకండి, ఒక దెబ్బకే పేలే సరుకది. వాటి అసలు డబ్బాలో, వేరే అల్మారాలో ఉండాలి. సీసపు గుండ్లు, గుండుకు చుట్టే గుడ్డముక్కలు, మందు కొలిచే ఇత్తడి కొలత ఎక్కడున్నా ఫరవాలేదు. తేనెమైనం, కొవ్వు కలిపి పూసిన గుడ్డముక్కలు మాత్రం మన ఎండకు కారతాయి కాబట్టి మూత గట్టి టిన్నులో ఉంచాలి. మందు పోసుకుని వెంట తీసుకెళ్లే కొమ్ములో, ఫ్లాస్కులో మిగిలిన మందును రాత్రికి అలాగే వదిలేయొద్దు.

5కి 3.5. ఆర్డరిచ్చేటప్పుడు లోపల పాలిష్ వద్దని చెప్పండి. బయట వేసిన మెలమైన్ పాలిష్ వాసన పూర్తిగా పోయేదాకా పెట్టెను ఖాళీగా, మూత తెరిచి ఉంచండి.