కారుతో సహా పంటెక్కి, బాల్టిక్ చుట్టూ రెండు వారాలు

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటినవాళ్లకి ఫెర్రీ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. మా మామయ్యగారు ఏళ్ల తరబడి స్కూటర్‌తో ఆ పంటెక్కి ఉద్యోగానికి వెళ్లొచ్చినవారు. జర్మనీలో రోస్టాక్ రేవులో ఓడ నోరు తెరుచుకుని లారీలను ఒక్కొక్కటే మింగుతుంటే కాసేపు చూసి, "ఏమ్మా, ఇది మన పంటే కదా, కాస్త ఒళ్లు చేసింది" అన్నారు.

మేం బెర్లిన్‌లో ఉంటాం. ఈ జూన్‌లో అత్తయ్య, మామయ్యగారు వచ్చినప్పుడు బాల్టిక్ సముద్రం చుట్టూ ఒక చుట్టు వేశాం. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా, పోలండ్ మీదుగా మళ్లీ ఇంటికి. అన్నీ షెంగెన్ దేశాలే కాబట్టి జర్మనీ వీసా ఒక్కటే సరిపోయింది. రోడ్డు మీద మూడు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ. నడిపింది మావారొక్కరే. ప్లానింగ్ నాది, కాబట్టి తిట్లు కూడా నావే.

మొదటి తప్పు ప్లానింగ్‌లోనే చేశాను. ఊళ్లు, హోటళ్లు అన్నీ ఖాయం చేసుకుని చివర్లో ఫెర్రీ చూద్దాంలే అనుకున్నా. తీరా చూస్తే స్టాక్‌హోమ్ నుంచి ఫిన్లాండ్‌లోని తుర్కుకి నాకు కావాల్సిన రోజు కారుకి చోటే లేదు. స్వీడన్‌వాళ్ల మిడ్‌సమ్మర్ పండగ వారాంతం అది. ఏటా జూన్ 19 నుంచి 25 లోపు వచ్చే శుక్రవారం దాని ముందురోజు వేడుక. అసలు పండగ అదే అనిపిస్తుంది, దేశమంతా ఊళ్లకు పోతుంది. మన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు ఎలా ఉంటుందో అక్కడ ఓడలు అలా ఉంటాయి. మంగళవారానికి దొరికింది. దాని కోసం మిగతావన్నీ జరిపి, రెండు హోటళ్లు రద్దు చేసి మళ్లీ బుక్ చేశాను. అందుకని ముందు ఫెర్రీ కొనండి, తర్వాతే పడక సంగతి.

జర్మనీ నుంచి అవతలి ఒడ్డుకి దారులు చాలానే ఉన్నాయి. పుట్‌గార్డెన్ నుంచి డెన్మార్క్‌లోని రోడ్బీకి 45 నిమిషాలే, అరగంటకొక ఓడ, కానీ బెర్లిన్ నుంచి అది చుట్టు. రోస్టాక్ నుంచి నేరుగా స్వీడన్‌లోని ట్రెల్లెబోర్గ్‌కి ఆరు గంటలు. ట్రావెమ్యుండె నుంచి ఏకంగా హెల్సింకీకే దాదాపు 30 గంటల ఓడ ఉంది. మేం రోస్టాక్ నుంచి డెన్మార్క్‌లోని గేసర్‌కి వెళ్లే రెండు గంటల ఓడ తీసుకున్నాం. మొదటిరోజే పెద్దవాళ్లకి సముద్రం పడుతుందో లేదో తెలిసిపోతుందని. ఈ దారిలో తిరిగే ఓడల మీద 30 మీటర్ల ఎత్తున స్తంభంలాంటి గొట్టం ఒకటి నిలబడి ఉంటుంది. అది పొగగొట్టం కాదు. గుండ్రంగా తిరుగుతూ గాలినుంచి తోపు తెచ్చుకునే తెరచాప అట.

రెండో తప్పు రేవులో బయటపడింది. బుకింగ్‌లో కారు ఎత్తు రాశాను కానీ పైన బిగించిన రూఫ్ బాక్సు సంగతి మర్చిపోయాను. కౌంటర్‌లో అమ్మాయి కారు వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసి నవ్వింది. తేడా డబ్బు కట్టాక మమ్మల్ని కార్ల వరుసలోంచి తీసి వ్యాన్ల వరుసలో పెట్టారు. లోపల ఇనుప నేల, డీజిల్ వాసన, పక్క బండికీ మన తలుపుకీ మధ్య జానెడు ఖాళీ. అత్తయ్య పొట్ట లోపలికి పీల్చి దిగాల్సి వచ్చింది. ఓడ కదిలాక కార్ల దగ్గరికి వెళ్లనివ్వరు. మందులు, స్వెట్టరు, పులిహోర డబ్బా ముందే చేతిలో పెట్టుకోవాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వీలైతే అలారం ఆపేసి పైకెక్కండి.

ఫోన్లు మాత్రం ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నడి సముద్రంలో ఫోన్ ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌ని పట్టుకుంటుంది. యూరప్ అంతా రోమింగ్ ఉచితమన్న ధీమా అక్కడ పనిచెయ్యదు.

కోపెన్‌హేగెన్‌లో దిగకుండా వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మోలో దిగాం. హోటల్ గది చవక, కారు పెట్టుకోవడానికి చోటు, కోపెన్‌హేగెన్‌కి రైల్లో 40 నిమిషాలు. ఊరెస్సుండ్ వంతెన కారుకి మామూలు ధర 60 యూరోలు దాటుతుంది కాబట్టి కారు ఒక్కసారి దాటిస్తే చాలు. 2000లో తెరిచిన ఈ దారి, డెన్మార్క్ వైపు నాలుగు కిలోమీటర్లు సొరంగంలో వెళ్లి, మనుషులు చేసిన దీవి మీద పైకి తేలి, ఆ తర్వాత ఎనిమిది కిలోమీటర్ల వంతెన అవుతుంది. రైల్లో వెళ్లినా పాస్‌పోర్టులు జేబులో ఉండాలి. మాల్మో హోటల్‌కి నా మార్కులు పదికి ఎనిమిది. రెండు తగ్గించింది కెటిల్ లేనందుకు. టీ లేని పొద్దు మా ఇంట్లో తెల్లారదు.

అక్కడినుంచి వెట్టర్న్ సరస్సు ఒడ్డున గ్రెన్నా. మాల్మో, స్టాక్‌హోమ్‌లకు ఇంచుమించు సగం దారి. ఎరుపు, తెలుపు చారల పిప్పరమెంటు కర్రలు పుట్టిన ఊరు. 1859లో ఒక వితంతువు బతుకుతెరువు కోసం మొదలుపెట్టిందట. క్యాంపింగ్ స్థలంలో స్టుగా, అంటే చెక్క గుడిసె తీసుకున్నాం. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన బసా అదే, మామయ్యగారికి బొత్తిగా నచ్చని బసా అదే. వంటిల్లుంది, సరస్సు ఎదురుగా ఉంది, అద్దె హోటల్లో సగం. కానీ దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు తుడిచి ఇవ్వాలి, మరుగుదొడ్డి వంద అడుగుల దూరంలో వేరే కట్టడంలో. రాత్రి మూడుసార్లు లేచే మనిషికి అది ఎంత దూరమో బుక్ చేసేటప్పుడు నాకు తట్టలేదు. జూన్ కాబట్టి చీకటి పడకపోవడం ఒక్కటే అదృష్టం. పెద్దవాళ్లుంటే మరుగుదొడ్డి లోపలే ఉన్న స్టుగా అడగండి, కాస్త ఎక్కువైనా సరే.

అక్కడే ఇంకో ముచ్చట. పప్పుచారుకి తాలింపు వేశాను. ఎండుమిర్చి నూనెలో పడగానే పైన స్మోక్ అలారం కూత మొదలుపెట్టింది. మావారు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే, పక్క గుడిసె స్వీడన్ ఆవిడ చెంచాతో సహా పరిగెత్తుకొచ్చింది. ఏమీ కాలలేదని తెలిశాక లోపలికి వచ్చి వాసన చూసి, గట్టిగా తుమ్మి, సాయంత్రం స్ట్రాబెర్రీలు పంపింది. పండగ పూట కొట్లన్నీ మధ్యాహ్నానికే మూసేస్తారని తెలియక మేం పాలు కూడా కొనుక్కోలేదు. ఆ పాలూ ఆవిడే ఇచ్చింది.

స్టాక్‌హోమ్‌లో కారు నడపొద్దు. ఊరి బయట మెట్రో స్టేషన్ దగ్గర బస చేసి కారు అక్కడే వదిలేశాం. మామూలు రోజుల్లో ఊళ్లోకి వెళ్లే బళ్ల నంబర్లను కెమెరాలు పట్టి పన్ను వేస్తాయి, 2015 నుంచి విదేశీ బళ్లకి కూడా. బిల్లు ఇంటికే వస్తుంది. చూడాల్సింది ఒక్కటే చెప్పమంటే వాసా మ్యూజియం. 1628లో మొదటిసారి రేవు విడిచి, మైలు దూరమైనా పోకుండానే మునిగిన యుద్ధనౌక. 333 ఏళ్ల తర్వాత 1961లో పైకి తీశారు. చెక్క అంతకాలం ఎలా నిలిచిందా అంటే, బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి ఓడ చెక్కల్ని తొలిచే పురుగు అక్కడ బతకదట. రోస్టాక్‌లో దిగిందగ్గర్నుంచి "ఇదేం సముద్రం, ఉప్పు వాసనే లేదు" అంటూ సణుగుతున్న మామయ్యగారు, ఆ మాట వినగానే నావైపు చూసిన చూపు మాత్రం నేను మర్చిపోలేను.

స్టాక్‌హోమ్ నుంచి తుర్కుకి రాత్రి ఓడలూ ఉన్నాయి, పగటి ఓడలూ ఉన్నాయి. రాత్రి ఓడైతే హోటల్ ఖర్చు మిగులుతుందని అందరూ అంటారు. నేను మాత్రం పగటి ఓడకే ఓటేస్తాను. పొద్దున్నే బయల్దేరి దాదాపు 11 గంటలు, అందులో ఎక్కువసేపు దీవుల మధ్యనుంచే. కొన్ని చోట్ల ఒడ్డున ఎర్ర గుడిసె అరుగు మీద కాఫీ తాగేవాళ్ల ముఖాలు కనిపించేంత దగ్గరగా పోతుంది ఓడ. కిటికీ లేని చవక క్యాబిన్ ఒకటి తీసుకుని అత్తయ్యని మధ్యాహ్నం పడుకోబెట్టాం. ఆ డబ్బు దండగ కాదు. ఓడ మధ్యలో ఆలండ్ దీవుల్లో ఆగుతుంది. ఆ దీవులు యూరోపియన్ యూనియన్ పన్నుల పరిధి బయట కాబట్టి ఓడలో కొట్టుకి పన్ను లేదు. జనం చాక్లెట్లు, సీసాలు ట్రాలీలతో తోసుకుపోతుంటారు. భోజనం గురించి మాత్రం ఆశ పెట్టుకోకండి. శాకాహారికి ఉడికిన బంగాళాదుంపలు, సలాడ్, బ్రెడ్డు, అంతే. మా పులిహోరే దిక్కయింది.

హెల్సింకీ మాకు పెద్దగా ఎక్కలేదు, రెండురోజులూ వాన. అక్కడినుంచి ఎస్టోనియాలోని టాలిన్‌కి రెండు గంటల ఓడ. కొద్దిలో అది తప్పిపోయేది. ఫిన్లాండ్ టైము స్వీడన్ కంటే గంట ముందు. మా ఫోన్లు మారాయి, కారు గడియారం మారలేదు. మావారు దాన్నే చూస్తూ తీరిగ్గా పెట్రోలు పోయించుకుంటున్నారు. చెక్-ఇన్ మూసే ముందు నాలుగు నిమిషాలకు గేటు దగ్గరికి చేరాం. ఆ నాలుగు నిమిషాల టెన్షన్ గురించి మేం ఇద్దరం ఇంకా మాట్లాడుకోలేదు.

టాలిన్ పాతబస్తీ రాళ్ల దారి మోకాళ్ల నొప్పులవాళ్లకి కష్టం. లాట్వియాలోని రీగా నయం. జెప్పెలిన్‌లనే పాతకాలపు గాలి ఓడల షెడ్లను తెచ్చి కట్టిన పెద్ద బజారులో ఊరబెట్టిన దోసకాయలు, క్యాబేజీ పీపాల ముందు అత్తయ్య గంటసేపు కదల్లేదు, రుచి చూపించినవన్నీ చూశారు. మిగిలింది పోలండ్ మీదుగా ఇంటికి రెండురోజుల రోడ్డు. దాని గురించి చెప్పడానికి లారీలు తప్ప ఏమీ లేవు.

మళ్లీ వెళ్తే ఆ 30 గంటల ఓడ ఎక్కి ఒక వైపు డ్రైవింగ్ అంతా తప్పించుకోవాలని మావారి ఆలోచన. మామయ్యగారికి ఏ ఓడైనా ఫర్వాలేదట. కాకపోతే కారు ముందు వరుసలో పెట్టించమని ఇప్పటినుంచే చెబుతున్నారు. సఖినేటిపల్లి పంటు మీద ఆయన స్కూటర్ ఎప్పుడూ ముందే ఉండేదిట, పలక వాలగానే అందరికంటే ముందు దిగిపోవచ్చని.