మూడు రెట్ల లెన్సు: పద్నాలుగు నెలలు వాడాక

ఈ ఫోనులో నాకు బాగా నచ్చింది ఒక్కటే, బాగా కోపం తెప్పించిందీ అదే. వెనక ఉన్న మూడు రెట్ల జూమ్ లెన్సు, అంటే టెలీ లెన్సు. మిగతా స్పెసిఫికేషన్లు డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. ఇదే కంపెనీవి ఇంతకుముందు రెండు ఫోన్లు వాడాను, మధ్యలో రెండేళ్లు వేరే కంపెనీకి మారాను, మళ్లీ ఈ లెన్సు కోసమే వెనక్కి వచ్చాను. తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఈ పద్నాలుగు నెలల్లో తీసిన ఫొటోల్లో సగానికి పైగా దీంతో తీసినవే.

ముందు దాని గొప్ప చెప్పాలి. గోవిందరాజస్వామి గుడి పెద్ద గోపురం కింద నిలబడి మామూలు కెమెరాతో తీస్తే గోపురం వెనక్కి వాలిపోతున్నట్టు, పైకి పోయేకొద్దీ సన్నబడినట్టు వస్తుంది. ఫోనును పైకి తిప్పి పట్టుకోవడమే దానికి కారణం. వీధి చివరికంటా వెనక్కి జరిగి మూడు రెట్లలో తీస్తే ఎత్తాల్సిన కోణం బాగా తగ్గిపోతుంది, ఏడంతస్తులూ నిటారుగా నిలబడతాయి. ఎండ పక్క నుంచి పడే వేళైతే మూడో అంతస్తు గచ్చు బొమ్మల చేతి వేళ్లు కూడా విడివిడిగా లెక్కపెట్టొచ్చు. చంద్రగిరి రాజమహల్ దగ్గరా అంతే. దూలం, వాసం లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన కట్టడం కాబట్టి దాని అందమంతా కమానుల నీడల్లో ఉంది. ఒక్క జాగ్రత్త: మిట్టమధ్యాహ్నం హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను తగ్గించే సెట్టింగు) ఆపేయండి. అది ఆ నీడల్ని తెల్లబరిచి కమానుల్ని గోడకు అతికించిన బొమ్మల్లా చేస్తుంది.

ఇక కోపం సంగతి. తెర మీద 3ఎక్స్ అని చూపించినంత మాత్రాన ఫొటో ఆ లెన్సే తీసిందని నమ్మొద్దు. వెలుతురు తగ్గినా, ఎదుటి వస్తువు బాగా దగ్గరగా ఉన్నా, ఫోను మనకు చెప్పకుండా మెయిన్ కెమెరాకు మారి మధ్య ముక్కను కత్తిరించి ఇస్తుంది. పరీక్ష చాలా తేలిక. 3ఎక్స్ పెట్టి టెలీ లెన్సు మీద వేలు అడ్డం పెట్టండి. వేలు పెట్టగానే తెర ఒక్క క్షణమైనా నల్లబడితే అసలు లెన్సు పనిచేస్తున్నట్టు. బొమ్మ అలాగే కనిపిస్తూ ఉంటే అది మెయిన్ కెమెరా కత్తిరింపు. ఫొటో తీశాక చూసుకోవాలంటే గ్యాలరీలో వివరాలు తెరిచి ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం సైజు) అంకె చూడాలి. సాధారణంగా ఒక్కో కెమెరాకు ఒక్కో అంకె ఉంటుంది కాబట్టి ఏది తీసిందో వెంటనే తెలిసిపోతుంది.

ఫోను ఎందుకిలా చేస్తుందో అర్థం కానిదేమీ కాదు. మెయిన్ కెమెరా సెన్సర్ (వెలుతురును పట్టే చిప్పు) పెద్దది, టెలీ సెన్సర్ చిన్నది. చీకట్లో చిన్న సెన్సర్ మీద గింజలు గింజలుగా నాయిస్ వస్తుంది కాబట్టి, పెద్ద సెన్సర్ నుంచి ఒక ముక్క కత్తిరించడమే మేలని సాఫ్ట్‌వేర్ లెక్క. ఆ లెక్క తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. మెయిన్ కెమెరా 50 మెగాపిక్సెల్ బొమ్మలో మూడు రెట్ల ముక్క అంటే తొమ్మిదో వంతు, అంటే అయిదున్నర మెగాపిక్సెల్. దాన్ని సాగదీసి పన్నెండు చేసి ఇస్తుంది. ఫోను తెర మీద తేడా తెలియదు, ప్రింటు వేయిస్తే వెంట్రుకలు, బట్ట నేత అన్నీ మైనం పూసినట్టు వస్తాయి. అదే రెండు రెట్లయితే నాలుగో వంతు, పన్నెండున్నర మెగాపిక్సెల్, సాగదీయాల్సిన పనే ఉండదు. అందుకే దీపాల వెలుగులో, ఇంట్లో, దగ్గరి వస్తువులకు నేను 3ఎక్స్ మానేసి 2ఎక్స్‌లోనే తీస్తున్నాను. ఎట్టి పరిస్థితిలోనూ టెలీ లెన్సే కావాలంటే ప్రో మోడ్‌లోకి వెళ్లి లెన్సును చేత్తో ఎంచుకోవాలి. అక్కడ ఫోను తన ఇష్టం వచ్చినట్టు మారదు.

ఈ మోసం నాకు మొదట బయటపడింది శ్రీకాళహస్తి కలంకారీ బట్టల దగ్గర. కలంతో గీసిన గీత వెడల్పు ఒక చోట పలచన, ఒక చోట మందం, కసిమి అనే నల్ల అద్దకం రంగు ఊరిన చోట అంచు కొంచెం పాకి ఉంటుంది. చేత్తో గీసిందని చెప్పే సాక్ష్యం ఆ పాకుడే. కత్తిరింపు ఫొటోల్లో షార్పెనింగ్ (గీతలకు పదును పెట్టే సాఫ్ట్‌వేర్) ఆ అంచును చెరిపేసి, మిషన్ మీద ముద్ర కొట్టినట్టు చేస్తోంది. నా ఫోను టెలీ లెన్సుకు కనీసం అరవై సెంటీమీటర్లు దూరం కావాలి, అంతకంటే దగ్గరికి పోతే వెంటనే మారిపోతుంది. కాబట్టి బట్టను గోడకు వేలాడదీసి, మీటరు దూరంలో నిలబడి, ప్రో మోడ్‌లో టెలీ పెట్టుకుని, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా తీయాలి. నాలుగు అంచులూ తిన్నగా వస్తాయి. వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగుల ఛాయ దిద్దే సెట్టింగు) ఆటోలో వదలొద్దు. కరక్కాయ పట్టిన బట్టకు సహజంగా ఉండే లేత పసుపు ఛాయను ఫోను తప్పనుకుని తెల్లగా దిద్దుతుంది. పగటి వెలుతురుకు 5200 నుంచి 5500 కెల్విన్ మధ్య పెడితే బట్ట రంగు బట్టకు ఉంటుంది.

ఈ లెన్సు కోసం ఇంకోసారి డబ్బు పెట్టొచ్చు అనిపించింది మాత్రం తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో, భక్తులు రకరకాల వేషాలు వేసుకునే చోట. మే నెల ఎండ, జనం, వేషగాళ్లకు మరీ దగ్గరగా పోవడం మర్యాద కాదు. నాలుగైదు అడుగుల దూరం నుంచి మూడు రెట్లలో తీస్తే ముఖం ఆకారం చెడదు, వెనక జనం మెత్తగా మసకబారతారు. అయితే వేషాన్ని బట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోకు పట్టే వెలుతురు) మార్చుకోకపోతే ఫోను మూడు వేషాలను మూడు రకాలుగా పాడు చేస్తుంది. బైరాగి వేషంలో ఒంటికి తెల్లటి నామంకొమ్ము పూసి ఉంటుంది. ఫోను ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం మసక చేస్తుంది, దానికి ప్లస్ 0.3 నుంచి 0.7 వరకు పెంచాలి. తోటి వేషం బొగ్గు నలుపు. అక్కడ ఉల్టా, నల్లటి ముఖాన్ని బలవంతంగా వెలిగించి బూడిద రంగు చేస్తుంది, మైనస్ 1 పెడితేగాని నలుపు నలుపుగా రాదు. బండ వేషం అన్నిటికంటే కష్టం. ఒళ్లంతా కుంకుమ. ఎరుపు ఒక్కటే నిండిపోయి పొంగిపోతుంది, మిగతా రెండు రంగులు అంతగా లేకపోవడంతో మొత్తం వెలుతురు సరిగ్గానే ఉందని ఫోనులో వెలుతురు కొలిచే మీటర్ అనుకుంటుంది. ఫలితంగా ముక్కు, చెంప, గడ్డం తేడా లేకుండా ఒకే ఎర్రటి ముద్ద. మైనస్ 0.7 పెట్టి, రంగుల సెట్టింగు వివిడ్ నుంచి నేచురల్‌కు మార్చి, ఏఐ సీన్ గుర్తింపు ఆపేస్తే చెంప మీద కుంకుమ మందంగా ఉన్న చోటు, చెమటకు కరిగి జారిన చోటు విడిగా కనిపిస్తాయి.

పోర్ట్రెయిట్ మోడ్‌లో బ్యూటీ ఫిల్టర్ ఫోను డబ్బాలోంచి తీసినప్పటి నుంచే ఆన్‌లో ఉంటుంది, దాన్ని సున్నా చేయండి. ఎండిన నామంకొమ్ము మీద పడే సన్నటి పగుళ్లను అది ముడతలనుకుని చెరిపేస్తుంది. వేషం ఫొటోలో ఆ పగుళ్లే లేకపోతే ఇంకేం మిగిలినట్టు! ఫొటోలో ఉన్న వాళ్లకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే ఇంత కష్టపడి కాపాడిన ఎరుపు అక్కడ మళ్లీ ముద్దయిపోతుంది.

రాత్రి పూట సీరియల్ లైట్ల వెలుగులో నల్లటి పట్టీలు వస్తున్నాయని చాలామంది కెమెరాను తిడుతుంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో చాలా బల్బులు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టర్‌ను (వెలుతురు లోపలికి తీసుకునే సమయాన్ని) సెకనులో 1/100 గానీ 1/50 గానీ పెడితే పట్టీలు పోతాయి. కొన్ని చవకరకం ఎల్‌ఈడీ సెట్ల లెక్క వేరు, వాటికి ఇది పనిచేయదు.

ఇప్పుడు పాడైన కథ. తొమ్మిదో నెలలో 3ఎక్స్ పెట్టగానే తెర మీద బొమ్మ నీళ్లలో నీడలా వణకడం మొదలైంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే తుమ్మెద రొద. మెయిన్ కెమెరా శుభ్రంగా ఉంది, టెలీ ఒక్కటే ఇలా. ఓఐఎస్ అంటే లెన్సును సన్నటి ఆధారాల మీద వేలాడదీసి, అయస్కాంతం, తీగచుట్టల సాయంతో మన చేతి వణుకుకు ఎదురు కదిలించే ఏర్పాటు. కాబట్టి మొదటి అనుమానం వెనక కవరుకున్న అయస్కాంతపు రింగు మీదికి పోయింది. తీసేసినా వణుకు పోలేదు. కెమెరా యాప్ క్యాష్ తుడిచినా, సేఫ్ మోడ్‌లో చూసినా అదే.

ఇలాంటప్పుడు సర్వీసుకు పోయేముందు ఇంట్లోనే తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఫోనును ట్రైపాడ్ మీద బిగించి, ప్రో మోడ్‌లో టెలీ లెన్సుతో ఎండలో ఒకే బోర్డును రెండుసార్లు తీయండి: ఒకటి 1/500 షట్టర్‌తో, ఇంకోటి 1/30 తో. మొదటిది స్పష్టంగా, రెండోది రెండు గీతలుగా వస్తే ఓఐఎస్ పోయినట్టు. రెండూ మసకగా వస్తే ఫోకస్ మోటారు సమస్య కావచ్చు. నాది మొదటి రకం. 1/500 లో అక్షరాలు చెక్కినట్టు ఉన్నాయి, 1/30 లో ప్రతి అక్షరానికీ నీడ.

కారణం బైకు హ్యాండిల్ మీద బిగించే మౌంటు. భాకరాపేట ఘాట్ మీదుగా తలకోనకు, తిరుమల ఘాట్ రోడ్డుకు, ఎక్కడికి పోయినా మ్యాపు కోసం ఫోను హ్యాండిల్ మీదే ఉండేది. గుంతలో పడే కుదుపు కంటే ఒకే వేగంలో గంటసేపు పోయేటప్పుడు ఇంజన్ నుంచి వచ్చే సన్నటి అదురే దీనికి ఎక్కువ చెరుపు. సింగిల్ సిలిండర్ పెద్ద బళ్లలో మరీ ఎక్కువ. వేలాడే లెన్సు బరువు కొద్దీ ప్రమాదం కాబట్టి, కెమెరా ఎంత మంచిదైతే ఈ భయం అంత ఉంటుంది. రబ్బరు డ్యాంపర్ ఉన్న మౌంటు కొంత ఆపుతుంది, పూర్తిగా కాదు. ఫోను జేబులో పెట్టి దారిని చెవిలో వినడమే మంచిది, లేదంటే పాత ఫోనును హ్యాండిల్‌కు కట్టండి.

సర్వీస్ సెంటర్లో ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయందే ఫోను ముట్టుకోమన్నారు. బ్యాకప్ తీసుకునే వెళ్లండి. రీసెట్‌తో తేలక టెలీ మాడ్యూల్ మొత్తం మార్చారు, అదొక్కటే విడిభాగంగా దొరుకుతుంది, లోపలి లెన్సు విడిగా బాగు చేయరు. వారంటీ ఉంది కాబట్టి డబ్బు పడలేదు, తొమ్మిది రోజులు పట్టింది. ఫోను చేతికి తీసుకునేటప్పుడు అక్కడే రెండు సంగతులు చూడాలి. జూమ్‌ను 2.9 నుంచి 3 కు మెల్లగా జరిపితే బొమ్మ పక్కకు ఎగరకూడదు. ఎగిరిందంటే కొత్త మాడ్యూల్‌ను మెయిన్ కెమెరాతో క్యాలిబ్రేట్ చేయలేదని, అంటే రెండింటినీ ఒకదానికొకటి కుదర్చలేదని అర్థం, నాకు మొదటిసారి అలాగే ఇచ్చారు, అరగంట కూర్చుని చేయించుకోవాల్సి వచ్చింది. రెండోది, వెనక గ్లాసుకు కొత్త జిగురు పట్టీ వేశారా అని అడగాలి. ఒకసారి విప్పిన ఫోను నీటికి ముందులా తట్టుకుంటుందని అనుకోకూడదు. అప్పటినుంచి వానాకాలం కపిలతీర్థం జలపాతం దగ్గరికి దీన్ని కవరు లేకుండా తీసుకుపోవడం లేదు.

మొదటి నెలలో నైట్ మోడ్ గురించి అడిగిన వాళ్లందరికీ తెగ పొగిడాను. కదలని గోపురానికి ఆ మాట ఇప్పటికీ నిజమే. మనుషులకు కాదు. అది కొన్ని ఫ్రేములను కలిపి ఒకటి చేస్తుంది కాబట్టి, హారతి పళ్లెం తిప్పే చెయ్యి, ఊరేగింపులో నడిచే మనిషి చెదిరిపోతారు. అలాగే మే ఎండలో 4కే 60 ఫ్రేముల వీడియో పదకొండో నిమిషంలో వేడెక్కి ఆగిపోయింది, తెర అంతకుముందే మసకబారింది. 30 ఫ్రేములకు తగ్గించి, కవరు తీసేస్తే అరగంట లాగుతోంది.

ఎవరు కొనాలంటే, నా అవసరాన్ని బట్టే చెప్పగలను. పగటి వెలుతురులో గుళ్లు, వేషాలు, బట్టలు తీసే పని ఉంది కాబట్టి ఇంత ఇబ్బంది పెట్టినా దీన్ని వదలను. ఇంట్లో పిల్లల్ని సాయంత్రం దీపాల కింద తీసేవాళ్లకు ఆ మూడు రెట్ల లెన్సు రోజులో ఎక్కువసేపు నిద్రపోతూనే ఉంటుంది, ఇదే కంపెనీ చిన్న ఫోను సరిపోవచ్చు. షాపుకు వెళ్లినప్పుడు బల్బు కింద 3ఎక్స్ పెట్టి లెన్సు మీద వేలు పెట్టి చూడండి. తర్వాత ఫోనును గుమ్మం దాకా తెచ్చి, వీధిలో ఎండ పడిన బోర్డు వైపు తిప్పి మళ్లీ వేలు పెట్టండి. రెండు చోట్లా నల్లబడితే నా దానికంటే మెరుగైన సాఫ్ట్‌వేర్ వచ్చినట్టే.