నాలుగు సీజన్లు వాడిన 16 లీటర్ల చేతిపంపు: కోపమంతా మూత మీదే

వీపున మోసి పురుగుమందు కొట్టే చేతిపంపు గురించి ఎవరిని అడిగినా నాజిల్ ఎలా ఉంది, లివర్ ఎంత తేలిక, బెల్టు భుజాన్ని కోస్తుందా అనే చెబుతారు. మూత ఊసు ఎవరూ ఎత్తరు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర అర ఎకరం మిర్చిలో, కొంత పత్తిలో, పెరటి వంగ, బెండ మడుల్లో నాలుగు సీజన్లు నడిచిన ఈ పంపులో నన్ను విసిగించింది మాత్రం ఆ మూతే. మూతంతా కూడా కాదు, దాని నడుమ చొక్కా గుండీ అంత ఉండే రబ్బరు బిళ్ల.

ట్యాంకులోంచి లీటరు మందు బయటికి పోతే లీటరు గాలి లోపలికి రావాలి. ఆ గాలి వచ్చే దారి మూతలోనే ఉంది. పైన చిన్న గుంట, గుంటలో మూడు సన్నటి రంధ్రాలు, వాటి అడుగున పుట్టగొడుగు ఆకారంలో ఈ బిళ్ల. లివర్ నీళ్లు లాగినప్పుడల్లా బిళ్ల అంచు కిందికి వంగి గాలిని వదులుతుంది. నడకకు ట్యాంకులో మందు ఎగిరి మూతకు కొట్టినప్పుడు అదే బిళ్ల పైకి అతుక్కుని రంధ్రాలు మూసేస్తుంది. గాలి రావాలి, మందు పోకూడదు. రెండు పనులూ ఆ ఒక్క ముక్కే చెయ్యాలి. కంపెనీవాళ్లు పంపు మొత్తంలో అతి తక్కువ ఖరీదు పెట్టింది కూడా ఆ ముక్క మీదే అనిపిస్తుంది.

మొదటి రెండు సీజన్లు ఏ గొడవా లేదు. మూడో సీజన్లో మిర్చి పూత మీద ఉండగా మూత చుట్టూ ఉండే వాషర్ అణిగిపోయి, వంగినప్పుడల్లా మెడ వెనక చుక్కలు పడటం మొదలైంది. దానికి మా వైపు అందరూ చేసే చిట్కా ఒకటుంది. పాలిథిన్ కవరు ముక్కను ట్యాంకు మూతి మీద పరిచి దాని మీద మూత బిగించడం. కారడం వెంటనే ఆగిపోతుంది, చిట్కా పనిచేసిందనుకుంటాం. కానీ ఆ కవరు వాషర్ సందుతో పాటు గాలి రంధ్రాలను కూడా మూసేస్తుంది. అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

మొదటి మూడు నాలుగు లీటర్ల దాకా తేడా తెలియదు. తర్వాత పొగలా రావాల్సిన మందు పెద్ద పెద్ద చుక్కలై పడుతుంది. లివర్ బరువెక్కుతుంది. అందరూ ముందు నాజిల్‌ను అనుమానిస్తారు. విప్పి కడిగి బిగించేసరికి ఓ నిమిషం బాగానే కొడుతుంది, మళ్లీ అదే కథ. తర్వాత ట్రిగ్గర్ పిడిలో ఉన్న వడపోత జాలి మీదికి పోతుంది అనుమానం. ఆ తర్వాత లోపలి పిస్టన్ వాషర్ పోయిందంటారు. ఈ పంపుకూ అదే వరుసలో నాజిల్ మార్చాం, జాలి మార్చాం, వాషర్ కూడా కొత్తది వేశాం. ఒక్కటీ చెడిపోయినవి కావు.

గుర్తు మొదటినుంచీ చేతిలోనే ఉంది, గమనించలేదు. లివర్ కదలికకు రెండు సగాలు. ఒకటి నీళ్లను లాక్కునేది, ఇంకోటి నెట్టేది. నాజిల్ గానీ జాలి గానీ మూసుకుపోతే బరువు నెట్టే సగంలో తెలుస్తుంది. గాలి దారి మూసుకుపోతే బరువు లాక్కునే సగంలో తెలుస్తుంది, చెయ్యి వదిలితే లివర్ తనంతట తానే వెనక్కి పోతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే చేలో నాజిల్ విప్పే పనే ఉండదు. ఇంకా అనుమానముంటే పంపు దించి మూత అర చుట్టు వదులు చేసి చూడాలి. ఉస్సుమని గాలి లోపలికి పోయి, సొట్టబోయిన ట్యాంకు పక్క టప్పున పైకి లేచిందంటే దోషం మూతదే.

అప్పటికే ఈ ట్యాంకుకు నష్టం జరిగిపోయింది. వీపు వైపు గోడ మందం, అది లొంగదు. ఎడమ పక్క గోడ ప్రతిసారీ ఒకే గీత మీద లోపలికి మడతపడింది. మడత దగ్గర ప్లాస్టిక్ మీద ముందు తెల్లటి చార వచ్చింది. ఎండలో ఆరబెట్టిన ట్యాంకు అది, తర్వాత్తర్వాత ఆ చారలోంచి చెమట పట్టినట్టు తడి ఊరింది. సోల్డరింగ్ కడ్డీతో కరిగించి అతికించినా నిలవలేదు, పక్కనే ఇంకో పగులు లేచింది. ఇలాంటి ట్యాంకుకు అతుకు వేసి మందు కొట్టొద్దని ఇప్పుడు చెబుతాను. పంపు నిండితే 16 కిలోల నీళ్లు, పైన మిషన్ బరువు. ఆ బరువంతా మోసేది ఆ గోడలే. నడి చేలో పగిలితే మందంతా నడుము మీదనే.

కవరు వెయ్యకపోయినా బిళ్ల దానంతటదే అతుక్కుపోతుంది. వేపనూనె లీటరుకు 5 మి.లీ. చొప్పున కొట్టి కడగకుండా పెడితే, తర్వాత కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టినప్పుడు ఆ పొడి నూనె జిడ్డుకు పట్టి బిళ్ల కింద పచ్చటి పేస్టులా గడ్డకడుతుంది. నీళ్లలో కరిగే గంధకమైనా అంతే. ఇ.సి. రకం (నీళ్లలో కలిపితే పాలలా మారే) మందుల్లో ఉండే ద్రావకానికి మామూలు రబ్బరు ఉబ్బి అంచు ముడుచుకుంటుంది. ఇవన్నీ లేకపోయినా ఎండాకాలమంతా కొట్టంలో వేలాడదీసిన పంపు మూత గుంటలో కందిరీగ మట్టిగూడు పెడుతుంది. జూన్‌లో పంపు దించగానే ముందు ఆ గుంట చూడాలి.

దీనికి చాలామంది చేసే వైద్యం మేకు కాల్చి మూతకు ఇంకో బెజ్జం పెట్టడం. గాలి బాగానే వస్తుంది. నిండా నింపిన పంపుతో నాలుగు అడుగులు వేస్తే ఆ బెజ్జంలోంచే మందు చిమ్మి వీపు మీదికి జారుతుంది. నూలు చొక్కా దాన్ని పీల్చుకుని ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది, గంటల తరబడి. మందు నోటితో మింగితేనే విషమనుకోవద్దు. తడి చొక్కా కింద చర్మం లోంచి కూడా ఎక్కుతుంది, చెమట పట్టిన ఒంటికి ఇంకా తొందరగా. 2017లో మన విదర్భలోనే, యవత్మాళ్ జిల్లా పత్తి చేలలో మందు కొట్టినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. అందులో పంపు మూతల పాత్ర ఎంతని అనడం లేదు. అన్నిటికీ మించి అప్పుడు ఒంటికీ ఊపిరికీ అందిన మందు గురించే మాట్లాడారు గనక, డబ్బా మీద విషం ఎక్కువని చెప్పే ఎర్ర త్రికోణమో పసుపు త్రికోణమో ఉన్న మందును బెజ్జం పెట్టిన మూతతో వీపున మొయ్యడం నాకు సహించదు.

బిళ్ల పనిచేస్తుందో లేదో తేల్చడానికి చెంబెడు నీళ్లు చాలు. మూతను తలకిందులుగా పట్టి లోపలి వైపు నీళ్లు పొయ్యాలి, కింది రంధ్రాల్లోంచి చుక్క కారకూడదు. మళ్లీ సరిగా తిప్పి పైగుంటలో పోస్తే నీళ్లు మెల్లగా కిందికి దిగాలి. మొదటిదాంట్లో కారితే బిళ్ల చిరిగింది లేదా ఉబ్బింది. రెండోదాంట్లో దిగకపోతే అతుక్కుంది. నోటితో ఊది చూడటం మాత్రం ఎప్పుడూ వద్దు, ఎంత కడిగిన మూతనైనా. అతుక్కున్న బిళ్లను గోరువెచ్చటి సబ్బునీళ్లలో పావుగంట నానబెట్టి మెత్తటి పాత టూత్ బ్రష్‌తో అంచు కింద రుద్దితే వదులుతుంది. సూదితోనో పిన్నుతోనో లేపితే చిరుగుతుంది. సైకిల్ ట్యూబు కత్తిరించి బిళ్ల చేసి చూశాం. కొన్నాళ్లు నడిచింది, నూనె మందులకు అదీ ఉబ్బింది. మూత అంచు వాషర్ కారుతుంటే కవరు వెయ్యకుండా వాషరే మార్చాలి. అది దొరికేదాకా ట్యాంకును 16 గీత దాకా నింపకుండా 13 దగ్గర ఆపాలి. మందు కొలత కూడా 13 లీటర్లకే వెయ్యాలి.

ఇక పంపు సంగతి. కొత్తలో దీన్ని చూసినవాళ్లందరికీ నేను ఒక విషయం గొప్పగా చెప్పాను: పిస్టనూ, మందును ఒత్తిడిలో ఉంచే గాలిగదీ రెండూ ట్యాంకు లోపలే ఉన్నాయి కాబట్టి వాషర్ లీకైనా మందు మళ్లీ ట్యాంకులోకే పోతుంది, ఒంటి మీద పడదు అని. పాత ఇత్తడి పంపుల్లో సిలిండర్ బయట ఉండి గ్లాండ్ (పిస్టన్ కడ్డీ చుట్టూ ఉండే బిగింపు) దగ్గర కారేది నడుము మీదికే. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. కానీ లీకు కంటికి కనపడదు కాబట్టి వాషర్ అరిగిన సంగతి కూడా తెలియదు. లివర్ లెక్క పెట్టుకుంటేనే తెలుస్తుంది. కొత్తలో నిమిషానికి 12 సార్లు కొడితే మందు పొగలా నిలిచేది. నాలుగో సీజన్ చివరికి 20 దాటింది, భుజం నొప్పి వచ్చాక గాని లెక్కపెట్టలేదు. వాషర్ మార్చాలంటే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి చెయ్యి లోపల పెట్టాలి, ఎర్ర త్రికోణం మందు కొట్టిన రోజు ఆ పని చెయ్యలేం. బయటి సిలిండర్‌కు అయితే రెండు నట్లు విప్పితే అయిపోయేది. తోలు వాషర్ వేసేవాళ్లు ఒక రాత్రి ఆముదంలో నానబెట్టి వెయ్యాలి, ఎండితే కుంచించుకుపోతుంది.

నాజిల్ మీద ఫిర్యాదు లేదు. బోలు కోన్ నాజిల్ (నడుమ ఖాళీగా, గుండ్రంగా చిమ్మేది), మిర్చి పూలలో దాక్కునే తామర పురుగుకు ఇదే కావాలి. నల్ల తామర పురుగు 2021లో తెలంగాణ మిర్చి తోటలను ముంచాక ఆకు అడుగునా, పూల సందుల్లోనూ మందు అందడం ఎంత అవసరమో అందరికీ తెలిసొచ్చింది. ఏడాదికోసారి నాజిల్‌ను కొలత గిన్నెలో నిమిషం పాటు పట్టి చూడాలి. కొత్తలో అర లీటరు పడేది 550 మి.లీ. దాటితే రంధ్రం అరిగినట్టే, అక్కడినుంచి మందు వృథా. పొడి మందులు ఎక్కువ వాడితే ఇత్తడి తొందరగా అరుగుతుంది. మూసుకుపోతే చీపురు పుల్లతో తియ్యాలి, ఇనుప తీగ వద్దు. ట్రిగ్గర్ వదిలాక చుక్కలు పడుతుంటే లోపలి ఓ-రింగు మార్చితే సరి. బెల్టు, కొక్కెం మామూలే.

కడగడం గురించి ఒక్కటే. మూడుసార్లు, ఒక్కోసారి రెండేసి లీటర్ల నీళ్లు పోసి నాజిల్ దాకా కొట్టేయడం అందరూ చేస్తున్నారు. మూతను మాత్రం పక్కన పెట్టి మర్చిపోతారు. మూత లోపలి గుంటలో, బిళ్ల కింద మందు అలాగే ఉంటుంది. వరిలో 2,4-డి అనే కలుపు మందు కొట్టిన పంపు మూతను ఈ పంపుకు బిగించి పత్తిలో కొడితే ఆకులు బెండాకులా చీలి ముడుచుకుంటాయి. పత్తి ఆ మందును చుక్క కూడా ఓర్చుకోదు. పంపులు వేరు పెట్టుకునేవాళ్లు మూతలకు కూడా రంగు పూసి వేరు పెట్టుకోవాలి.

మళ్లీ ఇదే కొంటారా అంటే, అర ఎకరం మిర్చికి, పెరటికి, నారుమడికి అయితే కొంటాను. ఎకరానికి 200 లీటర్ల మందు కొట్టాలంటే ఈ ట్యాంకు పన్నెండు పదమూడు సార్లు నింపాలి. నాలుగు ఎకరాల పత్తి ఉన్నవాళ్లకు, నడుము ఎత్తు దాటిన చేలో, ఇది పనికిరాదు. బ్యాటరీ పంపు మేలు. అయితే ఆ పంపులకూ వీపునే మోసే ట్యాంకూ ఇలాంటి మూతే ఉంటాయి, కొనేముందు చెంబెడు నీళ్ల పరీక్ష వాటికీ చెయ్యండి. ఐ.ఎస్. 3906 (ఈ రకం పంపులకు భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న పంపు తీసుకుంటే ట్యాంకు గోడ మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. ఆ గుర్తున్నా మూతను విడిగా చూసుకోవాలి.

విడి మూత దొరకడమే మా వైపు కష్టం. గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైచిలుకు, మూత కోసం అంత దూరం ఎవరూ పోరు. సిరొంచ కృషి కేంద్రాల్లో (ఎరువులు, మందులు అమ్మే దుకాణాల్లో) మరాఠీలో 'ఝాకణ్' అని అడిగితే మూత, 'వాయ్‌సర్' అంటే వాషర్ చూపిస్తారు, సరుకు ఉంటే. లేకపోతే వంతెన దాటి చెన్నూరో మంచిర్యాలో పోవాలి. ఏ ఊరు పోయినా పాత మూత సంచిలో వేసుకెళ్లండి. 16 లీటర్ల పంపులన్నీ చూడటానికి ఒకేలా ఉన్నా మూత మర ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. సగం చుట్టు బిగిసి ఆగిపోయే మూత కొనుక్కొస్తే మళ్లీ కవరు ముక్కే దిక్కవుతుంది.