థెరపీ డాగ్ అని 85 వేలు అడిగితే ఒక్క నిమిషం ఆగండి

వరంగల్, హన్మకొండ, కాజీపేట వైపు ఎవరైనా ఆటిజం ఉన్న పిల్లల కోసం ‘ట్రైనింగ్ పూర్తయిన థెరపీ డాగ్’ కొనాలనుకుంటుంటే, డబ్బు పంపే ముందు ఇది చదవండి. మేం 85 వేలు పోగొట్టుకున్నాం.

మా బాబుకు తొమ్మిదేళ్లు. చప్పుళ్లంటే అస్సలు పడదు. ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. వీడియోలో లాబ్రడార్ ఒకటి ఏడుస్తున్న పిల్లాడి ఒళ్లో తల పెడుతుంది, పిల్లాడు ఊరుకుంటాడు. మా ఆవిడ ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఫోన్ చేస్తే అవతలి మనిషి, "అన్నా, టెన్షన్ పడకండి. ఎనిమిది నెలల కుక్క, ట్రైనింగ్ అయిపోయింది, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఉంది, మైక్రోచిప్ ఉంది, ఐడీ కార్డు చూపిస్తే రైల్లో ఎక్కడైనా కూర్చోనిస్తారు" అన్నాడు. 40 వేలు యూపీఐలో పంపాం. మిగతా 45 కుక్క ఇంటికొచ్చిన రోజు ఇచ్చాం.

ఎర్ర జాకెట్, మెడలో కార్డు, చూడ్డానికి భలే ఉంది. మర్నాడు పొద్దున కుక్కర్ విజిల్ వేసింది. బాబు చెవులు మూసుకుని గట్టిగా అరిచాడు. ఆ అరుపుకి కుక్క దివాన్ కిందికి దూరి అక్కడే ఉచ్చ పోసింది. పైన వీడు వణుకుతున్నాడు, కింద అది వణుకుతోంది.

పశువుల డాక్టరు దాని పెదవి ఎత్తి చూసి నవ్వాడు. "ఎనిమిది నెలలా? పాల కోరపళ్లే ఇంకా ఊడలేదు, ఐదు నెలలుంటాయేమో." మెడ మీద, భుజాల మధ్య స్కానర్ రెండుసార్లు తిప్పాడు. సర్టిఫికెట్ మీద 15 అంకెల చిప్ నంబరుంది, కుక్కలో చిప్ లేదు. ఇంటికొచ్చి వీడియో మళ్లీ చూస్తే అందులో కుక్క ఛాతీ మీద అరచేతంత తెల్ల మచ్చ. మా దానికి లేదు. ఇది ముందే చూడకపోవడం మా తప్పే, ఒప్పుకుంటాను.

తర్వాత తెలుసుకున్నవి చెప్తాను. సర్వీస్ డాగ్ అంటే ఒక మనిషి అవసరానికి తగ్గట్టు ప్రత్యేకమైన పనులు నేర్పిన కుక్క. థెరపీ డాగ్ అంటే తన యజమానితో కలిసి ఆసుపత్రులకు, బడులకు వెళ్లి పదిమందికి ఊరట ఇచ్చేది. అమ్మేవాడు ఈ రెంటినీ కలిపేసి మాట్లాడాడంటేనే అనుమానించాలి. సర్వీస్ డాగ్ శిక్షణకు మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఎనిమిది నెలలకే పూర్తవడం అబద్ధమే. మన దేశంలో ప్రభుత్వం కుక్కలకు సర్వీస్ డాగ్ కార్డు ఇవ్వదు. వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ కార్డు మనిషికే. అమెరికాలో కూడా ఇంటర్నెట్‌లో అమ్మే ఇలాంటి రిజిస్ట్రేషన్ కార్డులకు చట్టం ముందు విలువ లేదు. అసిస్టెన్స్ డాగ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఉంది గానీ, అది గుర్తింపు ఇచ్చేది శిక్షణ సంస్థలకు. ఆ జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, పేరు వెతికి చూడండి. రైలు సంగతంటారా, పెంపుడు కుక్కను పక్కన పెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం బుక్ చేసుకోవాలి. లేదంటే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్సే.

2017 నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. ఆ నంబరు అడిగితే మాకు కుక్కను అమ్మినవాడు మూడు రోజులు ఫోనే ఎత్తలేదు, తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. అన్నిటికంటే ముందు కుక్కను మీ ఇంటికి రప్పించి, మీ పిల్లాడి ముందు, మీ కుక్కర్ చప్పుడులో ఒక పూట చూడండి. ఒప్పుకోకపోతే అక్కడే వదిలేయండి.

మోసపోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలట, నేను వారం ఆలస్యం చేశాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదైంది. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. రెండేళ్లలోపు వేయాలి, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు, డాక్టరు రాసిచ్చిన చీటీ దాచిపెట్టాను.

కుక్కను తిరిగి పంపలేదు, దానిదేం తప్పు? నిన్న రాత్రి మా తమ్ముడు ఇంకో ప్రకటన పంపాడు. నంబరు వేరు, పేరు వేరు. వీడియోలో మాత్రం ఛాతీ మీద తెల్ల మచ్చ ఉన్న అదే కుక్క.