ఇరవై ఏళ్లకు పైగా నా కాలి కింద ఉన్న డీఎస్-1

బాస్ అనే కంపెనీ వాళ్ల డీఎస్-1 డిస్టార్షన్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే, కాలితో తొక్కే చిన్న డబ్బా) కొనాలా వద్దా అని నా దగ్గర గిటార్ నేర్చుకునే పిల్లలు తరచూ అడుగుతుంటారు. నాది 2003లో సికింద్రాబాద్‌లో కొన్నాను. అప్పటినుంచి గిటార్లు మూడు మారాయి, యాంప్‌లు (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టెలు) ఎన్ని మారాయో గుర్తులేదు. ఈ నారింజ రంగు డబ్బా మాత్రం మారలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ముందు ఇది నాకెందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. 1995 ఎండాకాలం సెలవుల్లో మా పెదనాన్నగారి అబ్బాయి వరంగల్ ఆర్ఈసీ హాస్టల్ నుంచి వస్తూ ఒక 60 నిమిషాల క్యాసెట్ తెచ్చాడు. దాని ఒక వైపంతా రమోన్స్ అనే పంక్ (వేగంగా, సూటిగా వాయించే రాక్) బ్యాండ్ మొదటి ఆల్బం. 1976 నాటిది, న్యూయార్క్ కుర్రాళ్లది. 14 పాటలూ కలిపి 29 నిమిషాలు, క్యాసెట్‌లో ఒక వైపుకి అతికినట్టు సరిపోయింది. "ఒరేయ్, మధ్యలో ఆపకుండా విను" అని టేప్‌రికార్డర్ నా ముందు పెట్టాడు అన్నయ్య. అప్పటిదాకా నాకు గిటార్ అంటే సినిమా పాటలో పల్లవికీ చరణానికీ మధ్య తీయగా వచ్చి పోయే ముక్క. ఇక్కడ పాట మొదలైన దగ్గర్నుంచి ఆఖరిదాకా రేకుల కప్పు మీద వడగళ్ల వాన పడినట్టు గిటార్ కొడుతూనే ఉంది. గొప్పలు చూపించే సోలోలు లేవు. వాళ్ల ఇంగ్లీషు సగం కూడా నాకు అర్థం కాలేదు. ఆ మోత మాత్రం ఒంట్లోకి దిగిపోయింది, ఇప్పటికీ దిగే ఉంది. పొట్టకూటికి ఎన్ని రకాల పాటలు వాయించినా, రాత్రి ఇంటికొచ్చి నాకోసం నేను పెట్టుకునేది అదే.

అయితే ఆ మోత రావాలంటే ఆ బ్యాండ్ గిటారిస్ట్ జానీ రమోన్‌కి ఉన్నట్టు పెద్ద మార్షల్ కంపెనీ యాంప్ ఉండాలి, దాన్ని గట్టిగా పెంచాలి. అలాంటి వాల్వ్ యాంప్‌లో (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో పనిచేసేది) శబ్దం పగలాలంటే దాని శక్తి చివరిదాకా లాగాలి. చిక్కడపల్లిలో అద్దె గది, కింద ఇంటి ఓనరుగారు, పక్క గదిలో పోటీ పరీక్షలకి చదువుకునే కుర్రాళ్లు. ఆ వీధిలో 100 వాట్ల యాంప్ పెంచే ప్రశ్నే లేదు. ఆ పగిలిన శబ్దాన్ని చిన్న యాంప్‌లో, చిన్న వాల్యూమ్‌లో వినిపించడమే డిస్టార్షన్ పెడల్ చేసే పని. డీఎస్-1 1978 నుంచి ఆ పని చేస్తోంది. నిర్వాణ బ్యాండ్ కర్ట్ కొబేన్ తొలిరోజుల్లో తొక్కింది దీన్నే. జో సాట్రియానీ, స్టీవ్ వాయ్ లాంటి వేగం చేతులవాళ్లూ దీన్నే వాడారు.

లోపల జరిగేది పెద్ద మాయేం కాదు. తీగ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని బాగా పెంచి, రెండు డయోడ్‌లతో (కరెంటుని ఒక వైపే పోనిచ్చే చిన్న ముక్కలు) పైనా కిందా కోసేస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన అల తల చదునైపోతుంది, అందులోంచి కొత్త స్వరాలు పుడతాయి. మనం గరగర అనేది వాటినే. ఈ గరగరలో ఏ స్వరాలు కలిపి మీటాలన్నది చాలా ముఖ్యం. పంక్ పాటల్లో తరచూ వినపడే పవర్ కార్డ్ అంటే మన లెక్కలో షడ్జమం, పంచమం, అంతే. తంబురాలో మోగే జతే. గాంధారం ఉండదు. డిస్టార్షన్ బాగా పెంచి గాంధారం కూడా కలిపారా, శబ్దం ముద్దయిపోతుంది. సా, పా మాత్రం ఎంత పగిలినా నిలబడతాయి. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఈ పెడల్ ముందు కూర్చుని నెల రోజులు తంటాలు పడితే చెవికి తెలిసింది.

అసలు నాకు గిటార్ నేర్పింది ఇదే అంటాను. మామూలు శబ్దంలో పక్క తీగకి వేలు తగిలినా ఎవరికీ వినపడదు. పెడల్ తొక్కాక అది అరుస్తుంది. మొదటి వారం నేను కార్డ్ మార్చిన ప్రతిసారీ గోల. అప్పుడు కుడి అరచేతి అంచుని బ్రిడ్జి మీద, తీగలు ఆనేచోట, ఒత్తీ ఒత్తనట్టు ఆనించడం అలవాటు చేసుకున్నాను. అంగుళం ముందుకు జరిపితే శబ్దం చచ్చిపోతుంది, వెనక్కి జరిపితే అదుపు తప్పుతుంది. ఎడమ చూపుడు వేలు కొస అక్కర్లేని లావు తీగకి తగులుతూ ఉండాలి. ఇక పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పైనుంచి కిందికే కొట్టాలి. నిమిషానికి 170 దాటిన లయలో సెకనుకి దాదాపు 6 దెబ్బలు, అన్నీ కిందికే. మణికట్టు బిగిస్తే రెండో పాటకే ముంజేయి రాయైపోతుంది. వదులుగా పెట్టి 14 పాటలూ వరుసగా వాయించడానికి నాకు చాలా నెలలు పట్టింది. 2004 సెప్టెంబర్‌లో జానీ రమోన్ పోయాడని తెలిసిన రోజు సాయంత్రం, గది తలుపు వేసుకుని, నిలబడి ఆ ఆల్బం మొదటినుంచి చివరిదాకా వాయించాను.

ఇక నాబ్‌ల సంగతి. ఎడమ చివర టోన్ (శబ్దం పదును), మధ్యలో లెవెల్ (వాల్యూమ్), కుడి చివర డిస్ట్ (గరగర ఎంతన్నది). టోన్ నాబ్‌ని గడియారంలో 10 గంటలు దాటనివ్వకండి, ఆ పైన చెవిలో గుచ్చుకుంటుంది. ఈ పెడల్ మధ్య స్థాయి స్వరాల్ని కొంత తోడేస్తుంది కాబట్టి గదిలో ఒంటరిగా బ్రహ్మాండంగా వినిపించి, డ్రమ్స్, కీబోర్డ్ కలిసేసరికి అందులో మునిగిపోతుంది. యాంప్‌లో మిడ్ పెంచండి, డిస్ట్ తగ్గించండి. వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాతో వాయించేటప్పుడు నేను డిస్ట్ సగానికే పెడతాను. అక్కడ మా లీడర్‌గారు "ఏమయ్యా, పాట మింగేస్తున్నావు, కాస్త తగ్గించు" అంటే ఆయన మాటే సరైనది. పాటలో ఆ గరగర పూర్తిగా తీసేయమంటే మాత్రం నేను ఒప్పుకోను.

కరెంటు విషయంలో జాగ్రత్త. దీనికి 9 వోల్టుల అడాప్టర్ కావాలి, పిన్ను మధ్యలో నెగెటివ్ ఉండాలి. ఒకసారి నల్గొండ దగ్గర ప్రోగ్రాంలో నాది మర్చిపోయి, సౌండ్ కుర్రాడి దగ్గరున్న అడాప్టర్ పెట్టాను. దానికి మధ్యలో పాజిటివ్. చిన్న కాలిన వాసన, ఎర్ర దీపం ఆరిపోయింది. చూసుకోకపోవడం నాదే తప్పు. మర్నాడు కోఠి గుజరాతీ గల్లీలో రిపేర్ చేసే పెద్దాయన వెనక మూత విప్పి, కరెంటు వచ్చే చోట కాలిపోయిన ఒక్క డయోడ్ మార్చాడు. పది నిమిషాల్లో మళ్లీ మోగింది. మిగతా బోర్డుకి ఏమీ కాలేదు. బ్యాటరీ మీద వాడేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. ఇన్‌పుట్‌లో కేబుల్ ఉన్నంతసేపూ, మీరు తొక్కినా తొక్కకపోయినా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయిపోగానే కేబుల్ లాగేయండి.

సింగిల్ కాయిల్ గిటార్‌తో (తీగల కింద శబ్దం పట్టే పికప్‌లో ఒకే తీగచుట్ట ఉండే రకం) వాడితే పందిట్లో సీరియల్ లైట్లు వెలిగినప్పుడు గుయ్‌మంటుంది. అది గిటార్ పట్టుకునే రొద, పెడల్ దాన్ని పెంచి చూపిస్తుంది. పాటకీ పాటకీ మధ్య పెడల్ ఆపేయడం అలవాటు చేసుకోవాలి. మెత్తటి బ్లూస్ వాయించేవాళ్లకి ఇది నేను చెప్పను, వాళ్లకి శబ్దాన్ని మెత్తగా పగలగొట్టే ఓవర్‌డ్రైవ్ పెడల్ నప్పుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే భయపడకుండా తీసుకోండి. పెడల్ ముందున్న స్క్రూ చేత్తోనే తిరుగుతుంది. అది వదులు చేసి పైరేకు ఎత్తి, బ్యాటరీ గూట్లో పచ్చటి చిలుము ఉందేమో చూడండి. కేబుల్ పెట్టి జాక్‌ని అటూ ఇటూ కదపండి, పటపటమంటే సోల్డర్ వదిలినట్టు. నాబ్‌లు మూడూ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పుతూ వినండి. పైన రబ్బరు అరిగిపోయి నున్నగా ఉంటే మాత్రం అదో లోపమని చెప్పి బేరం చేయకండి. నా పెడల్ మీద కుడి బొటనవేలు ఆనేచోట రబ్బరు గళ్లు పూర్తిగా పోయాయి, నిన్న రాత్రి కూడా దాని మీదే కాలు పెట్టి వాయించాను.